1972 స్ప్రైట్ క్యారవాన్ లోపలి పని: చెమ్మ ముందు, రంగు చివర

మీరు అడిగినది ఇది. బ్రిటన్‌లో ఉంటూ 1972 నాటి స్ప్రైట్ ఆల్పైన్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇంటిబండి) ఒకటి కొన్నారు. ముందు కిటికీ కింద గోడ వేలితో నొక్కితే లోపలికి పోతోంది. తలుపు దగ్గర నేల మెత్తబడింది. పరుపుల్లో స్పాంజి చచ్చిపోయింది. గోడలకి తెల్ల రంగు వేసి, ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు అదిమి చేసిన) పలకలతో అల్మరాలు కొత్తగా చేసి, ఊరినుంచి తెచ్చుకున్న కలంకారీ గుడ్డతో పరుపుల గలీబులూ కర్టెన్లూ కుట్టించాలని మీ ఆలోచన. వేసవికి మూడు నెలల టైముంది. ఏ వరుసలో చెయ్యాలి అన్నారు.

రంగు, గలీబులు, అల్మరాలు ఈ మూడూ ఆఖరి నెలలో పెట్టుకోండి. ఇప్పుడు చెయ్యాల్సింది నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టి ఆపడం, ఆ తరవాత కర్ర ఆరేదాకా ఆగడం. ఈ వరుస తప్పిస్తే రెండో చలికాలానికల్లా మళ్ళీ విప్పుకోవాల్సి వస్తుంది. తెల్ల రంగు మీద గోధుమరంగు మరక పాకుతూ కనబడేటప్పటికి లోపలి బద్ద సగం పోయి ఉంటుంది.

గోడలో ఏముందో తెలిస్తే మిగతాదంతా సులువు. సామ్ ఆల్పర్ 1940ల చివర్లో మొదలుపెట్టిన స్ప్రైట్‌లు మామూలు జీతగాళ్ళు కొనగలగాలి, చిన్న కారు లాగగలగాలి అనే లెక్కతో పుట్టినవి. అందుకే అన్నీ పల్చన. బయట మిల్లీమీటరుకి లోపు అల్యూమినియం రేకు. దాని వెనక సుమారు అంగుళం మందాన పైన్ బద్దల చట్రం. బద్దల మధ్య ఖాళీలో పల్చటి గాజు ఊలో, థర్మోకోలో. లోపలి వైపు 3 మి.మీ. ప్లైవుడ్ గానీ హార్డ్‌బోర్డ్ గానీ. ఆ కాలపు బళ్ళలో రేకుని చట్రానికి జిగురుతో అంటించలేదు, అంచుల దగ్గర మాత్రం బిగించారు. తరవాతి కాలపు శాండ్‌విచ్ గోడల బళ్ళకి (రేకు, నురగ, పలక మూడూ కలిపి అంటించినవాటికి) లేని సౌకర్యం ఇది. మరమ్మతులో మీకు చాలా కలిసొస్తుంది.

ముందు రేకు, పక్క రేకు కలిసే మూలల మీద నిలువునా ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. గుడారం గుడ్డ దూర్చే గాడి దానికే ఉంటుంది, ఆనింగ్ రైల్ అంటారు. దాని కింద మాస్టిక్ అనే జిగురు లప్పం. యాభై ఏళ్ళకి ఆ లప్పం ఎండి బీటలిస్తుంది, స్క్రూలు తుప్పు పడతాయి, ఆ సందులోంచి వాన చుక్క చుక్కగా దిగుతుంది. దిగిన నీరు రేకు వెంబడి జారి కింది బద్దలో ఇంకుతుంది. మీ కిటికీ కింద గోడ మెత్తబడిందంటే నీరు కిటికీలోంచే వస్తోందని అనుకోవద్దు. చాలా సార్లు కారేది పైన కప్పు మూల దగ్గర, కనబడేది కింద.

పలకలు ఊడదీసే ముందు ఒక్క జాగ్రత్త. ఆ కాలపు బళ్ళలో హీటరు వెనకా, పొయ్యి చుట్టూ, గ్యాస్ దీపాల దగ్గరా ఆస్బెస్టాస్ పలక వాడిన సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో నీలం, గోధుమ రకాలని 1985లో, తెల్ల రకాన్ని 1999లో నిషేధించారు. మీది 1972 బండి. బూడిదరంగులో, సున్నం కొట్టినట్టుండే గట్టి పలక కనబడితే రంధ్రం వెయ్యొద్దు, గీకొద్దు, విరవొద్దు. ఆ పని తెలిసినవాళ్ళ చేత చిన్న నమూనా తీయించి ల్యాబ్‌కి పంపి, ఫలితం వచ్చాకే దాని జోలికి వెళ్ళండి. పాత రంగులో సీసం ఉండే అవకాశం కూడా ఉంది కాబట్టి, ఎక్కడ రుద్దినా తడి చేసి రుద్దండి.

ఇక చెమ్మ వెతకడం. రెండు పిన్నులుండే తేమ మీటరు కొనండి. ఒక కాగితం మీద గోడలు నాలుగూ, కప్పూ, నేలా బొమ్మ గీసుకుని అడుగు దూరానికో చుక్క పెట్టి, ప్రతి చుక్క దగ్గరా అంకె వెయ్యండి. వాన వెలిసిన మర్నాడు చూస్తే నిజం తెలుస్తుంది. 15 శాతం లోపు ఉంటే బాగున్నట్టే. 15 నుంచి 20 అయితే కన్నేసి ఉంచాలి. 20 దాటితే అక్కడ నీటికి దారి ఉంది, వెతకాలి. 30 దాటిన చోట బద్ద కుళ్ళే ఉంటుందనుకుని మొదలుపెట్టండి. కిటికీల కింది మూలలు, కప్పు గాలిమూత చుట్టూ, వెనక దీపాల వెనక, బయట చేతిపిడులు బిగించిన చోట్లు, చక్రం గుమ్మటం, సీటు పెట్టెల లోపల నేలా గోడా కలిసే గీత, ఇవేవీ వదలొద్దు. గోడకి రేకు పూత ఉన్న వాల్‌పేపరుంటే మీటరు తప్పు చెబుతుంది, అక్కడ కాగితం చింపి చూడాలి. మీటరు తరవాత చిన్న ఆర. మంచి కర్రలో ఆర మొన దిగడానికి బలం కావాలి, లాగితే పొడుగు పీచు వస్తుంది. కుళ్ళిన కర్ర టీలో ముంచిన రస్కులా ఉంటుంది.

ఈ కాగితాన్ని జాగ్రత్తగా దాచండి, చివర్లో మళ్ళీ కావాలి.

విప్పే ముందు బండిని మట్టానికి నిలబెట్టాలి. కొక్కెం దగ్గరి చిన్న చక్రం పిడి తిప్పి ముందూ వెనకా మట్టం సరిచూసి, చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, ఆ తరవాతే నాలుగు మూలల కాళ్ళు దించండి. ఆ కాళ్ళు బండి ఊగకుండా ఆపడానికి, ఎత్తడానికి కావు. వాటితో ఎత్తితే చట్రం మెలితిరుగుతుంది. అలా మెలితిరిగి ఉండగా కొత్త పలకలు కొట్టేస్తే కాళ్ళు తీసిన రోజున తలుపు పట్టదు.

ఫర్నిచర్ విషయంలో చాలామంది చేసే తప్పు, ఒక్క శనివారంలో మొత్తం ఊడబీకి ఖాళీ డబ్బా చెయ్యడం. ఈ బళ్ళలో అల్మరాలే గోడలని నిలబెడతాయి. బట్టల బీరువా, సీటు పెట్టెలు, పై అరలు అన్నీ అడ్డుబద్దల పనే చేస్తుంటాయి. రెండు పక్కలా ఒకేసారి తీసేస్తే గోడలు బయటికి ఒంగుతాయి, కప్పు నడుం కుంగుతుంది. ఒక పక్క పూర్తి చేసి రెండో పక్కకి వెళ్ళండి. విప్పిన పక్క గోడ నుంచి గోడకి 50×25 మి.మీ. బద్దలు రెండు అడ్డంగా, ఒకటి ఐమూలగా తాత్కాలికంగా బిగించండి.

ఇంకో చిక్కు ఉంది. ఫ్యాక్టరీలో ఈ బళ్ళని లోపలినుంచి బయటికి కట్టుకుంటూ వచ్చారు. నేల, దానిమీద ఫర్నిచర్, ఆ తరవాత గోడలు, ఆఖర్న రేకు. కాబట్టి అల్మరాని గోడకి పట్టిన స్క్రూల తలలు రేకు కింద ఉండిపోయాయి, లోపలినుంచి ఎంత వెతికినా దొరకవు. గడ్డపార పెట్టి లాగితే గోడ పలక చీలిపోతుంది. హ్యాక్సా బ్లేడు ఒక్కదాన్ని గుడ్డ చుట్టి పట్టుకుని అల్మరాకీ గోడకీ మధ్య సందులో దూర్చి ఆ స్క్రూలని కోసెయ్యండి. తిరిగి బిగించేటప్పుడు లోపలి మూలలో 20×20 మి.మీ. బద్ద పెట్టి దానికి బిగించుకోవచ్చు. విప్పిన ప్రతి ముక్కకీ అంకె వెయ్యండి. ఫోటో తీసేటప్పుడు పక్కన టేపు పెట్టి కొలత కనబడేలా తియ్యండి. పుచ్చిపోయిన ప్లైవుడ్ ముక్కనైనా పారెయ్యొద్దు, కొత్త పలకకి అదే అచ్చు. ఈ బళ్ళలో ఒక్క మూలా సరిగ్గా 90 డిగ్రీలుండదు. కొలతలు రాసుకుని కోస్తే పలక వృథా అవుతుంది, పాతదాన్ని పరిచి గీస్తే సరిపోతుంది.

ఇప్పుడు బయటికి రండి. లోపలి పని అడిగితే బయటి పని చెబుతున్నానని అనుకోవచ్చు, కానీ మీ గోడ బాగుపడేది ఇక్కడే. రైల్ గాడిలోని ప్లాస్టిక్ పట్టీ లాగేస్తే స్క్రూలు కనబడతాయి. సగం స్క్రూలు తిరగవు. తల మీద డ్రిల్లు వేసి తల ఎగరగొట్టి, రైల్‌ని కిందినుంచి పైకి మెల్లగా విడదీయండి. అల్యూమినియం ఒకసారి మడత పడితే ఆ మడత పోదు, కాబట్టి రెండో మనిషి సాయం ఉండాలి. పాత లప్పాన్ని ప్లాస్టిక్ గీకుడుపలకతో తీసి, మిగిలిన జిడ్డుని వైట్ స్పిరిట్‌తో తుడవండి. స్క్రూ రంధ్రాల్లో జిగురు రాసిన సన్న కర్ర మేకులు కొట్టి, ఆరాక అంచుకి కోసెయ్యండి. రైల్ వెనక 25 నుంచి 32 మి.మీ. వెడల్పు బ్యుటైల్ మాస్టిక్ పట్టీ పరిచి, ప్రతి స్క్రూ మొననీ మాస్టిక్‌లో అద్ది, స్టెయిన్‌లెస్ స్క్రూలతో మధ్యలోంచి రెండు చివరలకీ బిగించుకుంటూ వెళ్ళండి. అంచులెంట లప్పం ఒకేలా ఉబికి రావాలి. ఎక్కడ రాలేదో అక్కడ ఖాళీ ఉన్నట్టు. రెండు మూడు ఎండ రోజుల తరవాత మళ్ళీ పావు చుట్టు బిగించి, ఉబికినదాన్ని అప్పుడు కోసెయ్యాలి. మొదటిరోజే కోస్తే రెండోసారి బిగింపుకి నిండడానికి లప్పం మిగలదు.

సిలికాన్ మాత్రం వద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. బాత్‌రూమ్ సిలికాన్ గట్టిపడి ఆగిపోతుంది, బండి ఊగినప్పుడు రేకుని వదిలేస్తుంది. పుల్లటి వాసన వచ్చే రకం అల్యూమినియాన్ని తింటుంది కూడా. అన్నిటికన్నా పెద్ద నష్టం, అది ఒకసారి అంటిన చోట ఆ తరవాత ఏ మాస్టిక్కూ అంటదు. మీ ముందు యజమాని ఎవరైనా పూసి ఉంటే సిలికాన్ కరిగించే ద్రావకంతో ఆఖరి పొర దాకా తియ్యాలి. ఆ పని విసుగు పుట్టిస్తుంది, అయినా మధ్యలో వదలొద్దు.

కారే దారి మూశాక ఆరబెట్టడం. కుళ్ళిన చోట లోపలి పలక కోసి గోడ తెరిచి ఉంచండి, ఊలు తడిసి ఉంటే తీసి పారెయ్యండి. డీహ్యుమిడిఫయర్ (గాల్లో తేమ లాగే యంత్రం) పెట్టి తలుపులూ గాలిమూతలూ మూస్తే మూడు నాలుగు వారాల్లో బద్దలు 15 శాతం కిందికి వస్తాయి. కంప్రెసర్ రకం డీహ్యుమిడిఫయర్ 15 డిగ్రీల కిందికి పోయేకొద్దీ మంచు కట్టి పనిచెయ్యడం తగ్గిపోతుంది. ఏప్రిల్ లోపు అక్కడ చేస్తే డెసికెంట్ రకం, అంటే తేమ పీల్చే పదార్థంతో పనిచేసేది, తీసుకోండి. హీటరు ఒక్కటే పెట్టి ఆరబెడితే నీరు ఎక్కడికీ పోదు, తడి గోడ మీంచి ఆవిరై చల్లటి కప్పు మీద మళ్ళీ చుక్కలు కడుతుంది.

బద్ద కుళ్ళిందని తేలితే మెత్తగా ఉన్నంతవరకే కోస్తే చాలదు. గట్టి కర్ర దొరికాక ఇంకో 150 మి.మీ. అవతలికి కొయ్యండి, కంటికి కనబడని బూజు పీచులు అక్కడిదాకా వెళ్ళి ఉంటాయి. కొత్త బద్ద పాతదాని కొలతకే ఉండాలి. చివరలు రెండూ సగం సగం చెక్కి, 75 నుంచి 100 మి.మీ. పొడవు ఒకదాని మీదొకటి కూర్చునేలా అతుకు వెయ్యండి. జిగురు పాలియురెథేన్ రకం, తడికి ఆగేది. కోసిన చివరలకి కుళ్ళుని ఆపే కర్ర మందు రెండు పూతలు పూసి, పూర్తిగా ఆరాకే జిగురు. లేకపోతే జిగురు పట్టదు. మెత్తబడ్డ కర్రని గట్టిపరుస్తుందని డబ్బాల్లో అమ్మే ద్రావకం అల్మరా మూలకి సరే, గోడని మోసే బద్దకి నమ్మొద్దు.

స్క్రూ పొడవు లెక్క ఇక్కడే చూసుకోండి. 3 మి.మీ. పలక, 25 మి.మీ. బద్ద, కలిపి 28. లోపలినుంచి కొట్టే స్క్రూ 20 మి.మీ. మించకూడదు. 30 వాడితే మొన రేకుని పొడుచుకుని బయటికి వస్తుంది. మీరే కొత్త కారుడుకి దారి వేసినవాళ్ళవుతారు.

తలుపు దగ్గర నేల. తడి బూట్లు, తలుపు కింది రబ్బరు పోవడం, వెనకనుంచి చక్రం చిమ్మే నీళ్ళు, మూడూ కలిసి అక్కడే దెబ్బ కొడతాయి. బండి కిందికి దూరి ఆరతో పొడిచి, ఎంతమేర పోయిందో గీత గీయండి. మీ బండికి ప్లైవుడ్ ఒక్క పొర, కింద కర్ర దూలాలు. రంధ్రాలు వేసి రెసిన్ ఎక్కించే కిట్లు శాండ్‌విచ్ నేలలకి చేసినవి, మీకు పనికిరావు. పాత పలక మీద కొత్త పలక పరిచెయ్యడమూ వద్దు. బరువు పెరుగుతుంది, కింద కుళ్ళు ఆగదు. మెత్తబడ్డ ముక్కని చదరంగా, దూలం మధ్యకి వచ్చేలా కోసెయ్యండి. కొత్త ముక్క అంచు గాల్లో వేలాడే చోట 50×25 బద్ద అదనంగా వెయ్యండి. పలక మందం పాతదాన్ని వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. మెరైన్ ప్లై అయినా అంచులు నీళ్ళు పీలుస్తాయి, నాలుగంచులకీ ఎపాక్సీ గానీ బయటి వార్నిష్ గానీ రెండు పూతలు పడాలి.

ఇదంతా అయ్యాక, గోడ ఇంకా తెరిచి ఉండగానే, నీళ్ళ పరీక్ష. తోట పైపుతో, ఒత్తిడి లేకుండా, కిందినుంచి మొదలుపెట్టి పైకి. ఒక్కో చోట పది నిమిషాలు. లోపల ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. పైనుంచి మొదలుపెడితే అంతా ఒకేసారి తడుస్తుంది, ఏ సందు కారుతోందో తేలదు. ప్రెషర్ వాషర్ వాడొద్దు, అది మంచి అతుకులోంచి కూడా నీళ్ళు తోస్తుంది.

గోడ మూసే ముందు కొత్త వైర్లు వేసెయ్యండి. ఎల్.ఇ.డి. దీపం ఒక్కోటి 12 వోల్టుల దగ్గర పావు ఆంపియరు లాగుతుంది కాబట్టి సన్న వైరు చాలు. నీళ్ళ మోటారు పెడితే దానికి 2.5 చ.మి.మీ. వైరు వెయ్యండి. ప్రతి లైనుకీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. నా సలహా అడిగితే మోటారు వదిలేసి కాలితో తొక్కే వేల్ కంపెనీ పంపు ఉంచుకోండి. ఆ రకం ఇప్పటికీ దొరుకుతుంది, బ్యాటరీ అడగదు, బండి కాలానికి నప్పుతుంది. 230 వోల్టుల కనెక్షన్ పెడితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.డి. (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి) తప్పనిసరి, పని అయ్యాక ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. గోడలో థర్మోకోల్ నింపుతున్నట్టయితే పి.వి.సి. వైరు దానికి తగలకూడదు. వైరు మెత్తగా ఉండడానికి కలిపిన పదార్థం థర్మోకోల్‌లోకి పాకి, వైరు పెళుసెక్కుతుంది, థర్మోకోల్ కరుగుతుంది. సన్న గొట్టంలో వైరు దూర్చండి. డబ్బాలోంచి చిమ్మితే ఉబ్బే నురగ గోడలో కొట్టడం ఈ మధ్య ఎక్కువైంది. అది రేకుని బయటికి ఉబ్బిస్తుంది, రేపు ఎక్కడైనా కారితే నీటిని పట్టుకుని కూర్చుంటుంది. దాని బదులు పలక రూపంలో దొరికే నురగ కోసి పెట్టండి.

కొత్త లోపలి పలక 3 మి.మీ. ప్లై చాలు. కప్పు వంపు దగ్గర ఒక వైపుకే వంగే రకం తీసుకుంటే విరగదు. పలకకీ పలకకీ మధ్య 2 మి.మీ. సందు వదిలి పైన సన్న బద్ద కొట్టండి. బిగుతుగా కూర్చోబెడితే చెమ్మకి పలక పొట్ట పెంచుతుంది. కిటికీ కంత అంచులకి వార్నిష్ మూడు పూతలు, ఎందుకంటే అద్దం మీద పట్టిన చెమ్మ రోజూ జారేది ఆ అంచులోకే. కిటికీ కింది పలకని జిగురుతో అంటించకుండా ఇత్తడి వాషర్లూ స్క్రూలతో బిగిస్తే, మళ్ళీ అనుమానం వచ్చిన రోజున పది నిమిషాల్లో విప్పి చూడొచ్చు.

ఎం.డి.ఎఫ్. అల్మరాల ఆలోచన మానుకోండి. 12 మి.మీ. ఎం.డి.ఎఫ్. పలక, 2440×1220 కొలత, సుమారు 27 కిలోలు. అదే కొలతలో పాప్లర్ ప్లై 16 కిలోలు. అయిదు పలకలు వాడితే తేడా 50 కిలోలు దాటుతుంది. ఈ బండి తయారైనప్పుడు మోయడానికి ఇచ్చిన బరువు లెక్కే కొంచెం, అందులో అంత భాగం అల్మరాలకి పోతే మీ సామానుకి ఏం మిగలదు. పైగా ఎం.డి.ఎఫ్. అంచుకి చెమ్మ తగిలితే ఉబ్బి పొరలుగా విచ్చిపోతుంది. పాత అల్మరాలని గమనించండి, సన్న బద్దల చట్రం మీద రెండు వైపులా 3 మి.మీ. పలక, మధ్యలో ఖాళీ. 600×400 మి.మీ. తలుపు ఆ పద్ధతిలో ఒకటిన్నర కిలో ఉంటుంది, 18 మి.మీ. ఎం.డి.ఎఫ్.తో మూడు కిలోల పైన. బల్ల పైన సన్‌మైకా లేచిపోతే పాత జిగురు గీకి, కాంటాక్ట్ జిగురు రెండు పక్కలా రాసి, వేలికి అంటని దశకి వచ్చాక అతికించండి. తడిగా ఉండగా అతికిస్తే మధ్యలో బుడగ మిగులుతుంది.

బండిలోంచి తీసిన ప్రతిదాన్నీ, పెట్టిన ప్రతిదాన్నీ తూచి పుస్తకంలో రాయండి. పని పూర్తయ్యాక వే బ్రిడ్జి మీద బండి బరువు, ముందు కొక్కెం మీద పడే బరువు రెండూ చూడాలి. కొక్కెం మీద మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం పడాలి, అంటే 800 కిలోల బండికి 40 నుంచి 56 కిలోలు. అంతకన్నా తక్కువైతే రోడ్డు మీద తోక ఊపుతుంది. కొత్తగా లాగేవాళ్ళకి అక్కడ ఇచ్చే సలహా, క్యారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదని. బరువైన సామాను ఇరుసు మీదకి వచ్చే పెట్టెలోనే పెట్టుకోండి.

తెల్ల రంగు గురించి. గోడ నిజమైన కర్ర పొర ఉన్న ప్లై అయి, పాత మెరుగు సగానికి పైగా నిలిచి ఉంటే, దయచేసి రంగు వెయ్యకండి. ఆ తేనెరంగు మళ్ళీ రాదు. షుగర్ సోప్ (రంగు పనికి ముందు గోడలు కడిగే సబ్బు) నీళ్ళతో కడిగితే యాభై ఏళ్ళ సిగరెట్ పొగ పచ్చగా దిగిపోతుంది, అడుగున కర్ర బాగానే ఉంటుంది. ఏ మెరుగు వేశారో తెలుసుకోవడానికి మూలన మిథిలేటెడ్ స్పిరిట్ అద్దిన దూది పెట్టండి. జిగటగా మెత్తబడితే లక్క పూత, అంటే షెల్లాక్. కదలకపోతే సెల్యులోజ్ లాకర్ థిన్నర్‌తో చూడండి. ఏ పూత ఉందో దాన్నే సర్దడం తేలిక. గరుకు కాగితం 240 కన్నా ముతకది ముట్టొద్దు, ఆ కర్ర పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు. పలకలు ప్లాస్టిక్ పూత వేసిన హార్డ్‌బోర్డ్ అయితే రంగు వేసుకోండి, తప్పు లేదు. బాగా కడిగి, 180 నంబరుతో తేలిగ్గా గరుకు చేసి, షెల్లాక్ ఆధారిత ప్రైమర్ ఒకటి రెండు పూతలు. ఇది పొగ మరకల్ని కూడా ఆపుతుంది. ఆ పైన నీటి ఆధారిత శాటిన్ రంగు రెండు పల్చటి పూతలు. ప్రైమర్ లేకుండా వేసిన రంగు వేలిగోరుకి తొక్కలా లేచొస్తుంది. వాల్‌పేపరు వద్దు, జిగురు బూజుకి తిండి.

గ్యాస్ పనిలో మీ చెయ్యి పెట్టకండి. క్యారవాన్ గ్యాస్ అర్హత ఉన్న గ్యాస్ సేఫ్ ఇంజనీరుకి (గ్యాస్ సేఫ్ అంటే బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ళ అధికారిక జాబితా) అప్పగించండి. పాత రెగ్యులేటరు, రబ్బరు గొట్టం ఎలాగూ మారతాయి. 1972 పొయ్యిలకి మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు సాధారణంగా ఉండదు, దానితో వండే ఉద్దేశం ఉంటే ఆయన్ని ముందే అడగండి. గ్యాస్ దీపాలు అందం కోసం ఉంచుకోండి, గొట్టం మాత్రం మూయించండి. మీరు చూసుకోవాల్సింది ఒకటుంది. నేలలో, పొయ్యి కిందా సిలిండరు పెట్టెలోనూ చిన్న కంతలుంటాయి. గ్యాస్ గాలికన్నా బరువు, కారితే కింద పేరుకుంటుంది, ఆ కంతల్లోంచే బయటికి పోవాలి. కొత్త వినైల్ పరిచేటప్పుడు చలిగాలి వస్తోందని వాటిని మూసేస్తారు. అలా మూసిన రోజునుంచి మీరు మూత బిగించిన డబ్బాలో పడుకున్నట్టే. గోడల మీది గాలి కంతలూ అంతే. క్యారవాన్లకి తగిన కార్బన్ మోనాక్సైడ్ అలారం, పొగ అలారం రెండూ పెట్టండి.

ఆఖర్న పరుపులు. 1972 స్పాంజి మంటకి ఆగే రకం కాదు. అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ నిండుతుంది. మెత్తగా అనిపించినా మార్చాల్సిందే. బ్రిటన్‌లో 1988 నాటి ఫర్నిచర్ అగ్ని భద్రతా నియమాలు క్యారవాన్లకీ వర్తిస్తాయి కాబట్టి అక్కడి దుకాణంలో ఆ నియమాలకి సరిపడే స్పాంజి అని అడిగి, చీటీ తీసుకోండి. కూర్చునేవీ పడుకునేవీ 100 మి.మీ. మందం, ఘనపు మీటరుకి 33 నుంచి 38 కిలోల సాంద్రత. వీపు దిండ్లు 50 నుంచి 75 మి.మీ., కాస్త మెత్తనివి. ఇంకా మందం పెంచితే కిటికీ అంచుకి తలా, బల్లకి మోకాళ్ళూ తగులుతాయి.

కలంకారీ గుడ్డకి మంటని ఆపే గుణం లేదు. అయితే దారి ఉంది. 75 శాతానికి తగ్గకుండా నూలు, పట్టు, ఉన్ని వంటి పీచు ఉన్న గుడ్డని, ఆ నియమాల పరీక్ష నెగ్గిన లోపలి అస్తరు మీద తొడిగితే సమ్మతమే. అస్తరుని అక్కడ ఇంటర్‌లైనర్ అంటారు. స్పాంజి మీద అస్తరు, దానిమీద మీ గలీబు. కోసే ముందు గుడ్డని చన్నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేసి ఇస్త్రీ చెయ్యండి, లేకపోతే మొదటి ఉతుకుకే గలీబు పొట్టి అవుతుంది. 1800×600×100 పరుపుకి 140 సెం.మీ. పన్నా గుడ్డ 2.4 మీటర్లు పడుతుంది. మన చేనేత పన్నా సుమారు 115 సెం.మీ. కాబట్టి పై పలకా కింది పలకా పక్కపక్కన రావు. అడుగుకి గట్టి ముతక నూలు గుడ్డ వేసి, కలంకారీని పైకీ అంచులకీ ఉంచుకోండి. గలీబుని స్పాంజి కన్నా ఒక సెంటీమీటరు తక్కువ కొలతకి కుడితే ముడతలు పడవు. కర్టెన్లకి వెనక మందపాటి లైనింగ్ వెయ్యండి, మొక్కల రంగులు ఒక్క వేసవి ఎండకే వెలిసిపోతాయి. పొయ్యి పక్క కిటికీకి గుడ్డ అసలు పెట్టొద్దు.

పరుపు కింద పలకకి 25 మి.మీ. రంధ్రాలు 150 మి.మీ. దూరాన వెయ్యండి. ఒంటి వేడికి వచ్చే చెమ్మ పరుపులోంచి దిగి చల్లటి పలక మీద నీరవుతుంది, దారి లేకపోతే వారంలో నల్లటి బూజు. మన వంటకి ఇది ఇంకా ముఖ్యం. గంజి వార్చే అన్నం, పోపు ఘాటు, టీ, అన్నీ ఆ చిన్న డబ్బాలోనే. వండేటప్పుడు కప్పు గాలిమూత తెరిచి, ఎదుటి కిటికీ ఒక వేలంత ఎత్తండి. పొయ్యి వెనక స్టీలు రేకు పెట్టి, గోడకీ రేకుకీ మధ్య 10 మి.మీ. ఖాళీ ఉంచండి.

చలికాలం నిలబెట్టేటప్పుడు పరుపులు ఇంట్లోకి తెచ్చేయండి, లేదా నిలువుగా ఆనించి పెట్టెల మూతలు తెరిచి ఉంచండి. మార్చి రాగానే, మొదట్లో గీసుకున్న చుక్కల కాగితం తీసి, అవే చుక్కల దగ్గర మళ్ళీ మీటరు పెట్టండి. ఎక్కడైనా అంకె నాలుగైదు పెరిగితే, మరక కనబడేదాకా ఆగకుండా ఆ చోటికి పైన ఉన్న రైల్ స్క్రూలు ముందు చూడండి.